ఆటలో అరటిపండు

వేసవి సెలవులలో అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలోని ఏ కొబ్బరితోటలోకి పోయినా పిల్లల ఆట ఒకటి కనిపిస్తుంది. అది దొంగాట కావచ్చు, చెడుగుడు కావచ్చు, బంతాట కావచ్చు. పెద్దపిల్లలు పదిమంది చేరినచోట వారిలో ఎవరికో ఒక చిన్న తమ్ముడు ఉండనే ఉంటాడు. వాణ్ణి ఆటనుంచి తరిమివేస్తే ఏడుస్తూ ఇంటికి పోయి అమ్మతో చెబుతాడు. చేర్చుకొంటే మొదటి నిమిషంలోనే ఓడిపోతాడు. ఈ చిక్కును మన పిల్లలు ఎన్నడో విప్పుకొన్నారు. "వాడు ఆటలో అరటిపండు" అంటారు. అరటిపండు అందరితోపాటు పరుగెత్తుతాడు, అరుస్తాడు, చెమట పోసుకొంటాడు. కాని వాణ్ణి పట్టుకొన్నా వాడు దొంగ కాడు. రావులపాలెం అరటిగెలల మార్కెట్టుకు పేరుపడిన సీమలో ఈ మాట మరింత ఇంపుగా వినిపిస్తుంది.

ఈనాడు ఆ తోట పక్క ఇంటిలోనే తెరమీద ఫుట్‌బాలు ఆడే పిల్లలు కూడా ఉన్నారు. తెరపైన కనిపించే బొమ్మ ఆటగాళ్ళను చేతిలోని మీటలతో పరుగెత్తించి గోలు వేయించడమే ఆ ఆట. ఎదిరి జట్టును కంప్యూటరు ఆడిస్తుంది. ఆట ఆరంభానికి ముందు యంత్రం ఒక ప్రశ్న అడుగుతుంది: "ఏ స్థాయిలో ఆడతావు?" బిగినరు, అమెచూరు మొదలుకొని వరల్డ్ క్లాసు, లెజెండరీ వంటి పై మెట్ల వరకు ఉంటాయి. అట్టడుగు మెట్టున ఆడిన కుర్రవాడు ఎనిమిది గోల్స్ వేసి గెలుస్తాడు. పై మెట్టుకు పోతే అయిదు గోల్స్ తేడాతో ఓడిపోతాడు. ఈ రెండింటిలో ఏదీ మైదానంలో జరిగే ఆటవలె ఉండదు. నిజమైన ఆటవలె ఉండాలంటే కష్టాన్ని ఎక్కడ నిలపాలి? దానిని ఎట్లా కొలవాలి? ఇది పిల్లల ప్రశ్నవలె కనిపించినా, కంప్యూటరు పుట్టకముందు నుంచీ పెద్దలు వేసుకొంటూ వచ్చిన ప్రశ్నే.

చట్టం కూడా ఒక మీటే

నేటి ఫుట్‌బాలు చట్టాలకు ఇంగ్లండులో 1863లో పునాది పడింది. అప్పటినుంచి అవి మారుతూనే ఉన్నాయి. ఆఫ్‌సైడు నియమాన్నే చూడండి. ముందుకు పోయి బంతిని అందుకొనే ఆటగానికీ, ఎదిరి గోలు గీతకూ నడుమ ఎదిరి జట్టువారు కనీసం ముగ్గురు ఉండాలని 1866లో నిర్ణయించారు. కాలక్రమాన రక్షకులు ఈ నియమాన్ని వలగా వాడడం నేర్చుకొన్నారు. ఒక్క అడుగు ముందుకు వేసి దాడిని ఆపగలిగారు. గోల్స్ తగ్గాయి, చూపరులు విసిగిపోయారు. 1925లో ముగ్గురిని ఇద్దరికి తగ్గించారు. ఇంగ్లండు మొదటి శ్రేణి లీగులో 1924-25లో 462 మ్యాచిలలో 1,192 గోల్స్ పడగా, మరుసటి ఏడు అన్నే మ్యాచిలలో 1,703 పడ్డాయి. ఆటగాళ్ళు ఒక్క ఏడాదిలో మహావీరులు కాలేదు. ఒక్క అంకె మారిందంతే.

ప్రపంచ కప్పు లెక్కలు కూడా ఇట్టివే. 1954లో 26 మ్యాచిలలో 140 గోల్స్, అనగా మ్యాచికి సగటున 5.38. 1990లో 52 మ్యాచిలలో 115, అనగా 2.21 మాత్రమే. ఆనాడు ఆధిక్యంలో ఉన్న జట్టు బంతిని తన గోల్‌కీపరుకు వెనుకకు తన్నుతూ, అతడు దానిని చేతితో పట్టుతూ, కాలం గడిపేవారు. తనవారు కావాలని కాలితో వెనుకకు ఇచ్చిన బంతిని గోల్‌కీపరు చేతితో తాకరాదని 1992లో నియమం చేశారు. 2022లో ఖతార్‌లో 64 మ్యాచిలలో 172 గోల్స్ పడ్డాయి. సగటు 2.69. ఈ చివరి అంకెను పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు దానితో మనకు పని ఉన్నది.

గాలికి తగిన షటిలు

చట్టమే కాదు, ఆట వస్తువును కూడా సవరించవలసి వస్తుంది. ఇందుకు అమలాపురం వారికి బాగా తెలిసిన ఉదాహరణ బ్యాడ్మింటను. ఆ ఊరిలో 2000లో జన్మించిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టితో జతగా 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచాడు. అదే ఏడు జపానులో జరిపిన పరీక్షలో అతడు కొట్టిన దెబ్బకు షటిలు గంటకు 565 కిలోమీటర్ల వేగంతో బయలుదేరింది. అది ప్రపంచ రికార్డుగా గిన్నిస్ గ్రంథానికి ఎక్కింది.

అయితే షటిలు వేగం దెబ్బను బట్టే కాక గాలిని బట్టి కూడా ఉంటుంది. వేడెక్కిన గాలి పలుచబడుతుంది. దాని అడ్డు తగ్గి షటిలు దూరం పోతుంది. చల్లని గాలిలో త్వరగా కింద పడుతుంది. ఒకే షటిలుతో మే నెల మధ్యాహ్నం, జనవరి ఉదయం ఆడితే అవి రెండు వేరు వేరు ఆటలవుతాయి. అందువల్ల చట్టంలో ఒక పరీక్ష పెట్టారు. కోర్టు వెనుక గీత మీద నిలిచి, కింది నుంచి పైకి పూర్తి బలంతో షటిలును కొట్టాలి. అది అవతలి వెనుక గీతకు 530 మిల్లీమీటర్లకు తక్కువ కాకుండా, 990 మిల్లీమీటర్లకు మించకుండా ఇవతల పడాలి. అట్లా పడిన షటిలే ఆ చోటికి, ఆ పూటకు తగినది. ఇక్కడ గమనింపదగిన సంగతి ఒకటి ఉన్నది. ఈ సవరణ ఆటను సులభం చేయడానికి కాదు, కష్టం చేయడానికీ కాదు. ఆటగాని నేర్పు తప్ప మరేదీ ఫలితాన్ని నిర్ణయించకుండా చూడడానికే.

పది గోల్స్ నేర్పిన పాఠం

కష్టాన్ని తప్పుగా నిలుపుకొన్నవారికి ఏమవుతుందో మన దేశపు ఫుట్‌బాలు చరిత్రే చెబుతుంది. 1952లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు యుగొస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయింది. మనవారిలో ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడారు. ఇక్కడి వెచ్చని నేలమీద ఆ అలవాటు హాయిగా ఉండేది. చలిలో, తడి పచ్చికమీద అది పనికిరాలేదు. అంతేకాదు, ఆనాడు మన దేశంలోని పెక్కు పోటీలలో మ్యాచి 90 నిమిషాలకంటె తక్కువ కాలమే జరిగేది. మనవారు అసమర్థులు కారు. 1951లో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచినవారే. కాని ఇంట అలవాటైన ఆట ఒక మెట్టున ఉండగా, ప్రపంచం మరొక మెట్టున ఆడుతున్నది.

ఆ జట్టుకు శిక్షకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టిన ఈయన వృత్తిచేత బడిపంతులు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్ది, 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిపించాడు. ఆయన శిక్షణ పద్ధతి మన ఉపాధ్యాయులు తెలిసికొనదగినది. కుర్రవాళ్ళకు ఆయన వింత పోటీలు పెట్టేవాడు. ఒక పోటీలో బంతిని కాలివద్ద ఉంచుకొని పరుగెత్తరాదు, వెంటనే తోటివానికి అందించాలి. ఇంకొక పోటీలో వాటమైన కాలిని వదలి, బలహీనమైన కాలితోనే తన్నాలి. బాగా వచ్చినదానిని కాసేపు పక్కన పెట్టిస్తే, రానిది బయటపడుతుంది. బయటపడినదానిని దిద్దుకోవచ్చు. కష్టాన్ని ఊరకే పెంచడం వేరు, ఏ లోపానికి ఏ కష్టమో ఎంచి పెంచడం వేరు. రహీం చేసినది రెండవది.

హెల్సింకీ తరువాత బూట్లు తప్పనిసరి అయినవి. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనలు చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాలులో అంతవరకు పోయిన తొలి ఆసియా దేశం మనదే. అక్కడ మళ్ళీ యుగొస్లావియాయే ఎదురైంది. మొదటి గోలు మనవారే వేశారు. చివరకు 4-1తో ఓడినా, 10-1కీ 4-1కీ నడుమ ఉన్న దూరం నాలుగేళ్ళ చదువు. 1962లో జకార్తా ఆసియా క్రీడల తొలి మ్యాచిలో దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించింది. ఫైనలులో అదే జట్టును మనవారు 2-1తో ఓడించి స్వర్ణం గెలిచారు. అప్పటికే క్యాన్సరుతో బాధపడుతున్న రహీం 1963 జూన్ 11న కన్నుమూశాడు.

తెరమీది మీటలు

ఇక తెర సంగతికి వద్దాము. ఇంటి టెలివిజనుకు తగిలించి ఆడుకొనే అటారీ పెట్టె 1977లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. దాని మీద ఇద్దరు ఆటగాళ్ళకు చెరియొక కష్టపు మీట ఉండేది. కొన్ని ఆటలలో మీట ఒకవైపు తిప్పితే బంతిని కొట్టే పలక పొట్టిదవుతుంది, మరొకవైపు తిప్పితే పొడుగవుతుంది. అన్నకు పొట్టి పలక, తమ్మునికి పొడుగు పలక ఇచ్చి సమానంగా ఆడించవచ్చు. మన అరటిపండును ఆ పెట్టెమీద అమర్చారన్నమాట.

మరుసటి ఏడు జపానులో నిషికదో తొమోహిరో "స్పేస్ ఇన్వేడర్స్" అనే ఆటను తయారు చేశాడు. శత్రువులు తెరనిండా ఉన్నప్పుడు వారిని కదిలించలేక యంత్రం నెమ్మదించేది. కొందరు కూలిపోగానే దాని బరువు తగ్గి మిగిలినవారు వేగంగా కదిలేవారు. ఈ లోపాన్ని ఆయన దిద్దక అట్లే ఉంచాడు. ఆడేవాడు గెలిచేకొద్దీ ఆట కఠినమవుతూ వచ్చింది. ఆటగాని వెంటే పెరిగే కష్టానికి ఇది ఒక తొలి నమూనా.

1993లో "ఫిఫా ఇంటర్నేషనల్ సాకర్" వచ్చింది. ఆ వరుస ఆటలు 2023 నుంచి "ఇ.ఏ. స్పోర్ట్స్ ఎఫ్.సి." అనే పేరుతో వెలువడుతున్నాయి. కంప్యూటరు మీద, కన్సోలు మీద ఆడే ఈ ఆటలలో మెట్లతోపాటు, ఎడమకూ కుడికీ జరుపగల స్లైడర్లు కూడా ఉంటాయి. పరుగు వేగం, పాసులో పొరపాటు, గోలుకు కొట్టే దెబ్బలో పొరపాటు, దెబ్బలు తగిలే తరచుదనం మొదలైనవాటికి 0 నుంచి 100 వరకు విలువలు ఇవ్వవచ్చు. మామూలు విలువ 50. ఆడేవానికి వేరుగా, కంప్యూటరుకు వేరుగా వీటిని మార్చవచ్చు. అర్ధభాగం ఎన్ని నిమిషాలో కూడా 4 నుంచి 20 వరకు ఎంచుకోవచ్చు.

ఇప్పుడు 2.69ని గుర్తు తెచ్చుకోండి. 90 నిమిషాలకు 2.69 గోల్స్ అంటే, సుమారు 33 నిమిషాలకు ఒకటి. అర్ధభాగం 6 నిమిషాలుగా పెట్టుకొంటే మొత్తం ఆట 12 నిమిషాలే. మైదానపు లెక్క ప్రకారం దాదాపు మూడు ఆటలకు ఒక గోలు పడాలి. అట్లా అయితే ఎవరూ ఆడరు. కాబట్టి 12 నిమిషాలలో 90 నిమిషాల స్కోరు రావాలంటే, గోల్స్ నిజంకంటె ఏడున్నర రెట్లు త్వరగా పడేట్టు ఆటను కూర్చవలసి ఉంటుంది. అర్ధభాగాన్ని 20 నిమిషాలకు పెంచితే మొత్తం 40 నిమిషాలు. అప్పుడు రెండుంపావు రెట్లు చాలును. కాలం పెంచి మిగిలినవి మార్చకుండా ఆడితే మ్యాచికి సుమారు తొమ్మిది గోల్స్ పడి ఆశ్చర్యం కలుగుతుంది. కాలం పెంచినప్పుడు పరుగు వేగాన్ని కొంత తగ్గించాలి, దెబ్బలో పొరపాటును కొంత పెంచాలి. తక్కువ నిమిషాల ఆటకు అలవాటుపడినవారు పూర్తికాలపు ఆటలో తడబడడం మనవారికి హెల్సింకీలోనే అనుభవమయింది గదా!

మరొక సూక్ష్మం ఉన్నది. మెట్టు మార్చితే ప్రధానంగా కంప్యూటరు జట్టు ఎంత త్వరగా, ఎంత తెలివిగా నిర్ణయించుకొంటుందో మారుతుంది. దాని ఆటగాళ్ళకు మాత్రమే వేగపు స్లైడరును పెంచితే తెలివి పెరగదు, కాళ్ళు మాత్రమే పెరుగుతాయి. అప్పుడు ఓడినవానికి తన తప్పు తెలియదు. నిజమైన ఆట కావాలనుకొనేవారు స్లైడర్లను ఇరుపక్షాలకూ ఒకటిగానే ఉంచి, బలాన్ని మెట్టుతో మాత్రమే సవరించుకోవడం మేలు. కష్టం ఎదిరి బుద్ధిలోనుంచి రావాలి గాని, మైదానపు అన్యాయంలోనుంచి కాదు.

తరగతిలో ఒక ప్రయోగం

ఉపాధ్యాయులు దీనిని గణితపాఠంగా మలచవచ్చు. ఈ ఆట ఉన్న విద్యార్థి ఒకే అమరికతో పది మ్యాచిలు ఆడి గోల్స్, గోలుకు కొట్టిన దెబ్బలు, గెలుపు ఓటములు పట్టికలో రాయాలి. సగటు కట్టి 2.69తో పోల్చాలి. తరువాత ఒక్క స్లైడరును మాత్రమే అయిదు విలువలు జరిపి మళ్ళీ పది మ్యాచిలు ఆడాలి. రెండింటిని ఒకేసారి మార్చితే ఫలితానికి ఏది కారణమో తెలియదు. విజ్ఞానశాస్త్రంలోని ప్రయోగాలన్నిటికీ ఇదే నియమం. ఒక్క మ్యాచి చూసి తీర్పు చెప్పడం తగదు. 1924-25లో కూడా గోల్స్ వర్షం కురిసిన మ్యాచిలు ఉండే ఉంటాయి. 462 మ్యాచిల మొత్తం చూసినప్పుడే ఆట తీరు తెలిసింది. ఆట లేని విద్యార్థులు బడి మైదానంలోనే ఈ పని చేయవచ్చు. గోలు వెడల్పును ఒక అడుగు మార్చి లెక్క రాసుకొంటే చాలును.

కింది మెట్టున ఆడడం సిగ్గుపడవలసిన పని కాదు. అరటిపండుగా చేరినవాడే ఆట నేర్చుకొంటాడు, గట్టుమీద కూర్చున్నవాడు నేర్చుకోడు. అయితే అక్కడే ఉండిపోతే మిగిలేది ఇంటి గెలుపు మాత్రమే. కొబ్బరితోటలో ప్రతి తమ్ముడూ ఏదో ఒకనాడు "ఇవాళనుంచి నేను అరటిపండు కాను, నన్ను పట్టుకొంటే నేనే దొంగ" అంటాడు. ఆ రోజు వాడు చాలాసార్లు దొంగ అవుతాడు. అయినా మరునాడు అందరికంటె ముందుగా తోటకు వచ్చేవాడు వాడే.