పెట్టె చెడినా పత్రం చెడదు



గత వేసవిలో మా ఇంట ఒక చిన్న విపత్తు సంభవించింది. కీర్తిశేషులైన మా నాన్నగారు రాగయుక్తంగా పద్యాలు చదివిన ధ్వనిముద్రణలను నెట్‌వర్కుకు తగిలించిన నిల్వపెట్టెలో దాచుకున్నాను. అందులో నాలుగు హార్డుడిస్కులు. ఒకనాటి రాత్రి కరెంటు పోయి వచ్చాక ఆ పెట్టె మరి వెలగలేదు. అమర్చిపెట్టిన కుర్రవాడు వచ్చి చూసి, "మాస్టారూ, ఇక ఆశ వదులుకోండి" అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అయితే ఆశ వదలనక్కరలేకపోయింది. ఎందుచేతనో తెలియాలంటే కొంత చరిత్ర చెప్పుకోవాలి.

1956లో ఐబీఎం సంస్థ రామాక్ అనే యంత్రాన్ని లోకానికి చూపింది. రెండడుగుల వ్యాసం గల పళ్ళేలు యాభై కలిసి అందులో దాచగలిగినవి సుమారు 50 లక్షల అక్షరాలు. డిస్కు నాడు పుట్టింది. చెడిపోవడమూ దానితోపాటే పుట్టింది. ఒక నిల్వభాగం చెడినప్పుడు మిగిలినవాటి సాయంతో దానిలోని సమాచారాన్ని రాబట్టే పద్ధతికి 1978లో ఆ సంస్థకే చెందిన నార్మన్ కెన్ ఔచి పేర పేటెంటు వెలువడింది.

1988లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు, ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి కంటె చవకైన చిన్న డిస్కులు అనేకం మేలని వాదిస్తూ ఒక పత్రం సమర్పించారు. ఆ అమరికకు 'రెయిడ్' అని పేరు పెట్టి ఐదు స్థాయిలు చెప్పారు. మొదటి స్థాయిలో ఒకే ప్రతి రెండు డిస్కులలో ఉంటుంది. బ్రౌను దొర ఒకే కావ్యానికి పలు ప్రతులు తెప్పించి పండితుల చేత పోల్పించిన పని మనకు తెలిసినదే గదా! ఐదవ స్థాయి గణితం. మూడు డిస్కులలో 7, 5, 9 ఉన్నాయనుకోండి. నాలుగవదానిలో మొత్తం 21. ఐదు చెరిగిపోతే 21లో నుంచి 16 తీసివేసి తెలుసుకోవచ్చు. యంత్రం కూడికకు బదులు సరి-బేసి లెక్క వాడుతుంది. ఆ లెక్కను ఒకే డిస్కులో ఉంచక అన్నింటికీ పంచుతుంది. సూత్రం మాత్రం ఇదే.

మా పెట్టెలో చెడినది డిస్కు కాదు, పెట్టెలోని సర్క్యూటు పలక. ఇటువంటి పెట్టెలు అనేకం లోపల లినక్సుతోనే నడుస్తాయి. ఆశ్వాసాంత గద్యలో కావ్యం పేరు, కవి పేరు, ఆశ్వాసం సంఖ్య ఉన్నట్లే, ప్రతి డిస్కులోనూ తాను ఏ సమూహానికి చెందినదో, అందులో తన స్థానం ఎన్నవదో వ్రాసి ఉంటుంది. విడిపోయిన తాళపత్రాలను గద్య చూసి కూర్చినట్లు వాటిని కూర్చవచ్చు.

మా మేనల్లుడు డిస్కులకు వరుస సంఖ్యలు అంటించి, ముందుగా ఒక్కొక్కదానికి పూర్తి నకలు తీశాడు. అసలును పక్కన పెట్టి, నకళ్ళను లినక్సు కంప్యూటరుకు తగిలించి 'ఎండీఅడ్మ్' అనే ఉచిత సాధనంతో జతపరిచాడు. తొందరపడి కొత్త పెట్టెలో పెట్టి, అది అడిగిందని 'ఇనిషియలైజ్' నొక్కి ఉంటే ఆ గద్యలే చెరిగిపోయేవి.

రెండు రోజులకు నాన్నగారి గొంతు వినిపించింది.

ఒక మాట మరువరాదు. రెయిడ్ డిస్కు చావును తట్టుకుంటుంది గాని మన చేతి పొరపాటును తట్టుకోదు. ఒకచోట చెరిపితే అన్నిచోట్లా చెరుగుతుంది. పెట్టె దగ్ధమైతే అన్నీ దగ్ధమే. వేరొక ఊరిలో వేరొక ప్రతి ఉండవలసిందే. ముప్పైయేళ్ళు పిల్లలకు ప్రతులు వ్రాసుకొమ్మని చెప్పిన నేను, నాన్నగారి గొంతుకు ప్రతి తీయడం మరచాను. ఇప్పుడొక ప్రతి మా అమ్మాయి ఇంట ఉన్నది.