గోదావరి డెల్టా మండువా లోగిళ్లు, వాటి యజమానులు

మండపేట, కోనసీమ పరిసరాల్లో భూస్వాముల నివాసాలుగా వెలసిన మండువా లోగిళ్ల చరిత్ర ఆ ప్రాంతపు నీటి చరిత్రతోను, భూమి హక్కుల చరిత్రతోను పెనవేసుకొని ఉంది. 1802లో మద్రాసు ప్రెసిడెన్సీలో వచ్చిన శాశ్వత శిస్తు పద్ధతి ప్రకారం జమీందారులు ఈస్టిండియా కంపెనీకి ఏటా పేష్కషు, అంటే ముందే ఖాయపరచిన శిస్తు, కట్టవలసి ఉండగా, వరదలకో కరువులకో పంట పోయిన ఏళ్లలో బకాయిలు పేరుకొని అనేక జమీలు వేలానికి వచ్చాయి. ఈ అస్థిరతను తగ్గించినది 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట. కాలువ నీటితో మాగాణి నిలదొక్కుకొన్నాక జమీందారులే కాక పెద్ద రైతులు కూడా ధాన్యపు రాబడితో లోగిళ్లు కట్టించుకోగలిగారు.

మండువా అంటే ఇంటి నడుమ పైకప్పు లేకుండా విడిచిన చోటు. నాలుగు వైపుల పెంకుల కప్పు దానివైపే వాలి ఉండటంతో, వానాకాలంలో చూరునీళ్లన్నీ అందులో పడి తూము గుండా బయటికి పోయేవి. చుట్టూ స్తంభాల వసారాలు, వాటి వెనుక గదులు, ధాన్యానికి గాదెలు, వీధివైపు తగవులు తీర్చే అరుగులు, పెరటివైపు పశువుల సావిడి ఉండేవి.

ఆ గాదెలు నింపినవారు పాలేర్లు, అంటే ఏడాది ఒప్పందం మీద కమతంలో పనిచేసేవారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల తోటల యజమానులకు మాదిరిగా ఇక్కడి భూస్వామికి మనుషుల మీద క్రయవిక్రయ హక్కును 1843 బానిసత్వ చట్టం తర్వాత న్యాయస్థానాలు గుర్తించలేదు. అయినా అప్పు, కులం కలిసి ఎన్నో దళిత కుటుంబాలను తరాల తరబడి అదే కమతానికి కట్టిపడేశాయి. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో గాని రాలేదు. లోగిలి వైభవాన్ని యజమాని వంశవృక్షంతోనే చెప్పి ఊరుకోవడం అన్యాయం.

ఆ సంపదకు మరో ముఖాన్ని చూపినవారు 1841లో మండపేటలో పుట్టిన డొక్కా సీతమ్మ. లంకల గన్నవరంలోని సంపన్న రైతు జోగన్నను పెళ్లాడి, గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా చూడకుండా వండి పెట్టి, 1909లో కన్నుమూసేదాకా ఆ ఇంటిని అన్నసత్రంగా నిలిపారు. గన్నవరం వద్ద పాత అక్విడక్టు స్థానంలో కట్టిన కొత్తదానికి ఆమె పేరే పెట్టారు.

1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు, 1973 భూసంస్కరణల చట్టంతో పరిమితికి మించిన కమతాలు చట్టబద్ధతను కోల్పోయాయి. పోషించే భూమి తగ్గి, వారసుల మధ్య వాటాలు పడిన చోట్ల, పెంకు మార్పించే ఖర్చు కూడా భారమై లోగిళ్లు ఒక్కొక్కటిగా డాబాలకు చోటిచ్చాయి.