వ్యాళం: మచ్చిక కాని మాట

అమరకోశం నానార్థవర్గంలో ‘వ్యాళ’ శబ్దానికి మూడు అర్థాలు కనిపిస్తాయి: వంచకుడు, క్రూరమృగం, పాము. పొగరెక్కి మాట వినని ఏనుగు అనే అర్థం కూడా దీనికి ఉంది. పాములు పట్టేవాడు వ్యాళగ్రాహి, పాముల్ని నగలుగా దాల్చిన శివుడు వ్యాళభూషణుడు. పాముకి, పులికి, ఏనుగుకి, మోసగాడికి ఒకే పేరెలా చెల్లింది? ఈ నలుగురిలో పోలిక ఆకారంలో లేదు, వాళ్ల ఎదుట పడ్డ మనిషి గుండెలో ఉంది. జంతువు పేరుగా చెలామణి అవుతున్నా, ఇది అసలు ఒక ప్రమాదానికి పెట్టిన పేరు.

ఈ మాటను తిరిగి తలుచుకోవడానికి ఒక ఇంగ్లీషు నవల కారణం. అమెరికా రచయిత్రి డయానా పీటర్‌ఫ్రాయిండ్ 2009లో కౌమార పాఠకుల కోసం ‘రాంపంట్’ రాసింది. పిల్లల బొమ్మల్లో తెల్లగా, సాధువుగా నిలబడే ఒంటికొమ్ము గుర్రం, అదే యూనికార్న్, అందులో మనుషుల్ని తినే విషపు జంతువు. అంతరించిందనుకున్నది తిరిగొస్తుంది. దాన్ని వేటాడగల శక్తి అలెగ్జాండర్ చక్రవర్తి వంశపు కన్నెపిల్లలకే ఉంటుంది. కథకు ఆ పేరు ఊరికే పెట్టలేదు. ఐరోపా రాజచిహ్నాల పరిభాషలో వెనక కాళ్ల మీద లేచి, ముందు కాళ్లు గాలిలోకి చాచిన మృగాన్ని ‘రాంపంట్’ అంటారు. అదే మాటకు వాడుకలో పట్టపగ్గాల్లేనిది అనే అర్థం స్థిరపడింది.

లేచి నిలబడిన మృగం అనగానే తెలుగువాడికి విజయనగరం నాటి స్తంభాలు గుర్తుకు రావాలి. లేపాక్షి వీరభద్రాలయంలో, వేలూరు జలకంఠేశ్వరాలయ కల్యాణ మండపంలో యాళి అలాగే నిలబడుతుంది. సింహపు ఒడలు, ఉబికిన గుడ్లు, ఒక్కోచోట ఏనుగు తొండం, కాళ్ల కింద అణగిన ఏనుగు. శిల్పశాస్త్రాలు దీన్ని వ్యాళమనే పిలిచాయి. మొహాన్ని బట్టి సింహవ్యాళం, గజవ్యాళం, అశ్వవ్యాళం అని విభజించాయి. ‘వ్యాళ’మే నలిగి ‘యాళి’ అయిందని చాలామంది పండితుల మాట. ఏనుగుల్ని చంపే ‘ఆళి’ అనే మృగం సంగం కవిత్వంలోనే ఉంది కాబట్టి ఇది ద్రావిడ పదమే అనేవాళ్లూ ఉన్నారు. మాట ఎటునుంచి వచ్చినా అది మోసుకొచ్చిన భయం ఒకటే. ఇటు వ్యాళం, అటు రాంపంట్. ఒకదానికొకటి తెలియని రెండు భాషలు ఆ భంగిమకూ అదుపు తప్పడానికీ ఒకే ముడి వేశాయి.

కాబట్టి పీటర్‌ఫ్రాయిండ్ పురాణమృగాన్ని తలకిందులు చేసిందనడం సరి కాదు, దాని పాత స్వభావాన్ని దానికి తిరిగి ఇచ్చింది. ఒంటికొమ్ము జంతువు గురించి తొలిసారి రాసిన గ్రీకులలో ఒకడు క్తీసియస్, క్రీస్తుకు నాలుగైదు వందల ఏళ్ల ముందు పారశీక రాజుల ఆస్థాన వైద్యుడు. ఆ జంతువు నివాసం అని అతను చెప్పింది మన దేశాన్నే. అతని వర్ణనలో అది భీకరంగా పోరాడే అడవి గాడిద, ప్రాణాలతో పట్టుబడదు. దాన్ని కన్యల ఒడిలో తలవాల్చే సాధుజీవిగా మార్చింది తర్వాతి ఐరోపా. మనం యాళికి చేసిందీ దాదాపు అదే. పక్కన నిలబడి ఫోటో తీసుకుంటాం, అది దేన్ని తొక్కుతోందో చూడం.

హోసూరు పక్కనున్న మత్తిగిరిలో కూర్చుని ఈ మాటను ఆలోచిస్తే దానికి ప్రాణం వస్తుంది. ఇక్కడి పశువుల ఫారం బ్రిటిష్ హయాంలో సైన్యానికి గుర్రాలను సిద్ధం చేసిన చోటు. పొగరు గుర్రాన్ని మచ్చిక చేయడం ఒకప్పుడు ఈ ఊరి పని. ఊరికి దక్షిణాన జవులగిరి, డెంకణికోట అడవులు. రాగి చేలు కోతకొచ్చే చలికాలంలో కర్ణాటక వైపు బన్నేరుఘట్ట నుంచి ఏనుగుల గుంపులు దిగుతాయి, సానమావు అడవి దాకా వస్తాయి. గుంపు వస్తే పంట పోతుంది. రైతు ఎక్కువగా భయపడేది ఒంటి ఏనుగుకి.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో గజాధ్యక్షుడి అధికారం కింద ఏనుగులు నాలుగు రకాలు: దమ్యం, సాన్నాహ్యం, ఔపవాహ్యం, వ్యాళం. మచ్చిక చేయదగ్గది, యుద్ధానికి పనికొచ్చేది, ఎక్కి తిరిగేది, శిక్షణ ఫలించనిది. వ్యాళాన్ని ఆయన వేరే జాతిగా లెక్కించలేదు, దాని లక్షణాల్లో అనుమానాన్నీ మదాన్నీ చేర్చాడు. అంటే ఏ ఏనుగూ పుట్టుకతో వ్యాళం కాదు. మదమెక్కినప్పుడు, మనిషి మీద నమ్మకం పోయినప్పుడు వ్యాళమవుతుంది. ఈ వివేకం మాటలోనే ఉంది, మనమే పోగొట్టుకున్నాం. ఒక ఏనుగు మనిషిని చంపితే ఏనుగులన్నీ హంతకులంటాం. గణేశుడి ముందు నిలబడితే ఏనుగులన్నీ దైవాలంటాం. రెండు మాటల్లోనూ ఎదురుగా ఉన్న ప్రాణి కనిపించదు.

భయాన్ని తుడిచేస్తే గౌరవం పెరుగుతుందనుకోవడం పొరపాటు. అడవి దగ్గర బతికే మనిషికి భయం ఒక చదువు: గాలి ఎటు వీస్తోంది, దారిలో పేడ ఎంత తాజాగా ఉంది, ఏనుగు చెవులు ఆడిస్తోందా బిగబట్టిందా. పురాణమృగాన్ని ప్రమాదకరంగా చూపే కథ పిల్లలకు ఈ చదువునే నేర్పుతుంది. మృగానికి దాని లోకం, దాని కోపం ఉంటాయనీ, అది మన ముచ్చట కోసం పుట్టలేదనీ చెబుతుంది.

2006 తమిళ నిర్బంధ అభ్యసన చట్టం తర్వాత హోసూరు, కృష్ణగిరి బడుల్లో తెలుగు చోటు కుంచించుకుపోయింది. ఇక్కడి పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బజారులో కన్నడం వినిపిస్తాయి. మూడు భాషల్లోనూ కథలు విని పెరిగే ఈ పిల్లల కోసం మన తెలుగులో మృగాల కథలు రావాలి. వాటికి పరాయి పేర్లు వెతకనక్కర్లేదు. రాసేవాళ్లు వ్యాళాన్ని స్తంభం మీంచి దించి కథలోకి తేవాలి. దాన్ని ముద్దుబొమ్మను చేయకూడదు, రాక్షసినీ చేయకూడదు. అది ఎందుకు అదుపు తప్పిందో అడిగే పిల్లను కథానాయికను చేస్తే చాలు, ఆ మాటకు దాని పూర్తి అర్థం దక్కుతుంది.