కవిలెకట్టయు మినిట్సు పుస్తకమును

పురపాలకసభలో కలహము పుట్టినదనగానే మన గృహస్థులు పత్రికను మడిచి ప్రక్కన బెట్టుదురు. అందును ఆ కలహము ఒక పుస్తకమును గుఱించినదైనచో, అనగా మినిట్సు పుస్తకము ఛైర్మను ఇంట నున్నదా, కమీషనరు బీరువాలో నున్నదా, నిన్నటి తీర్మానము క్రింద నేడెవరైన నొక పంక్తి చేర్చిరా యను వివాదమైనచో, అది నవ్వులాటగా దోచును. కొళాయిలలో నీరు రాకుండగా, మురుగుకాలువలు వీధులలోనికి పొర్లుచుండగా, కాగితములకై కొట్లాట యేల యని యడుగుదురు. మా కట్లు తోచదు. కడపజిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమల పూర్వవృత్తాంతము చదివినకొలది, ఊరి వ్రాత యెవరి చేతిలో నుండవలెను, దానిని చదువు హక్కు ఎవరికి గలదు అను ప్రశ్న ఈ నేలమీద మిక్కిలి పాతదనియు, నేటికిని తెగనిదనియు తెలియుచున్నది.

మొదట ఇచ్చట వ్రాత బహిరంగముగనే యుండెను. ఎఱ్ఱగుంట్ల సమీపమున కలమళ్ళ గ్రామదేవాలయములోని శిలపై రేనాటి చోళుడగు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని నాటి శాసనము గలదు. అది క్రీ. శ. 575 ప్రాంతముది, తెలుగుభాషలో దొరకిన శాసనములలో మొదటిదిగా పండితు లెన్నుచున్నారు. దానమునో కట్టుబాటునో ఊరందఱు చూచునట్లు రాతిపై చెక్కి గుడియెదుట నిలుపుట, దానిని చెఱచువానికి మహాపాతకములు చుట్టుకొనునని శపించుట ఆ కాలపు మర్యాద. చదువురానివాడైనను ఆ రాతిని తాకి చూడగలడు. ఎవడైన నొక పంక్తిని చెక్కివేసినచో మఱునాడే యూరికి తెలియును.

ఊరి నిత్యపులెక్క మాత్రము రాతి కెక్కలేదు. పొలముల యెల్లలు, శిస్తులు, మాన్యములు, చెఱువు పారుదల, వృత్తులవారి మేరలు, ఇవన్నియు కరణము చేతి తాటాకులలోను, కడితములలోను ఉండెడివి. కడితమనగా నేటివా రెఱుగరు. గుడ్డకు బొగ్గుపొడియు చింతగింజల జిగురును కలిపి దట్టముగా పూసి, ఆరిన పిమ్మట మడతలు పెట్టి, నల్లని ఆ పుటలపై బలపముతో వ్రాసెడివారు. గట్టిగా నుండును, ఏండ్ల తరబడి నిలుచును. అయితే తుడిచినచో అక్షరములు పోవును. మరల పూత పూసిన క్రొత్త పుస్తక మగును! వ్రాసినవాడే తుడుచుటకును అధికారి, దాచువాడును అతడే, చదివి వినిపించువాడును అతడే. గ్రామపు పూర్వచరిత్రను, దానధర్మములను చేర్చియుంచిన దండకవిలె సైతము కరణము ఇంటి అటుకమీదనే తరతరములుగా నుండెను. తండ్రినుండి కొడుకునకు ఇల్లెట్లు సంక్రమించునో ఊరివ్రాతయు అట్లే సంక్రమించుచు వచ్చినది.

జమ్మలమడుగునకు అనతిదూరమున పెన్న యొడ్డున గండికోట యున్నది. గోలకొండ సేనాని మీర్ జుమ్లా 1650లో ఆ కోటను పట్టుకొనెను. రెండేండ్లకు, 1652లో, ఫ్రెంచి రత్నవర్తకుడు తవర్నియే అతనిని చూడ నచ్చటికి వచ్చెను. నవాబు డేరాలో వట్టికాళ్ళతో కూర్చుండి, వచ్చిన ఉత్తరములను కాలివ్రేళ్ళ సందునను ఎడమచేతి వ్రేళ్ళ సందునను ఇఱికించుకొని, ఒకప్పుడు కాలినుండియు నొకప్పుడు చేతినుండియు ఒక్కొక్కటి లాగుచు, ఇద్దఱు వ్రాయసగాండ్రచేత జవాబులు వ్రాయించుచుండెనని ఆ వర్తకుడు తన యాత్రాగ్రంథమున చెప్పెను. నడుమనడుమ నేరస్థులను రప్పించి శిక్షలు విధించుటయు జరుగుచుండెనట. రాజ్యపు దఫ్తరమంతయు ఒకని కాలివ్రేళ్ళ నడుమ నున్న ఆ చిత్రమును మేము మఱువజాలకున్నాము. ఆ మనుష్యుడు సమర్థుడే, సందేహము లేదు. కాని అతడు లేచిపోయిన పిమ్మట ఆ కాగిత మెక్కడ నున్నదని యడుగుటకు ప్రజలకు తావెక్కడిది?

1800 సంవత్సరమున నిజాము ఈ మండలములను కుంపిణీవారికి దత్తము చేసెను. థామస్ మన్రో ప్రధానకలెక్టరై 1807 వఱకు పాలించెను. అతని ముందర రెండు సంకటములుండెను. ఒకటి పాళెగాండ్రు, రెండవది గ్రామలెక్కలు. మొదటిదానిని సైన్యముతో తీర్చెను. రెండవది సైన్యమునకు లొంగునది కాదు. కరణముల లెక్కలు నమ్మదగినవి కావని అతని నిశ్చయము. ఊరివారును కరణమును కలిసి సాగుభూమిని దాచుట కలదు, పెద్దరైతులును కరణమును కలిసి చిన్నరైతుమీద భారము త్రోయుటయు కలదు. కావున 1802లో సర్వే మొదలుపెట్టి, 33 అడుగుల గొలుసుతో పొలము పొలమును కొలిపించెను. అట్టి నలువది గొలుసుచదరములు కూడి యొక యెకరము. కరణము నోటిమాట బదులు గొలుసుమాట నిలుపుట అతని యుద్దేశము.

ఫలిత మేమైనది? శిస్తు విషయమున సర్కారునకు వెలుగు వచ్చినది. రైతునకు మాత్రము చీకటి సగమే తొలగినది. ఏలయన, కొలిచిన లెక్కయు మరల గ్రామమున కరణమునొద్దనే చేరినది. దాని నకలు కచ్చేరీలో నుండెను. రైతు ఆ రెండు చోట్లను చదువరి కాడు. మన్రో రైతునకు మేలుగోరినవాడే యని మేమును నమ్ముదుము; సీమలో అతని పేరు ఇప్పటికిని మంచిగనే చెప్పుకొందురు. అయినను అతడు కట్టిన యేర్పాటులో లెక్కను చూచు హక్కు సర్కారునకు గలదు, సాగుచేయువాని హక్కు వ్రాయబడలేదు.

కరణములను నిందించుట మనకు అలవాటైన పని. న్యాయముగా చెప్పవలెనన్న, వారి అటుకలే లేకున్న ఈ సీమకు చరిత్రయే మిగిలియుండదు. కర్నలు మెకంజీ పనివాండ్రు ఊరూరు తిరిగి కరణములను, పెద్దలను విచారించి కైఫియత్తులు వ్రాయించిరి. వచ్చినవారు శిస్తు పెంచుటకు గూఢచారులై వచ్చిరేమోయను భయమున పలుచోట్ల కవిలెలు చూపుటకు జనులు వెనుదీసిరి. చూపిన చోట్ల వ్రాసికొన్నదే నేడు మనకు గల స్థానికచరిత్ర. 1821లో మెకంజీ మృతిచెందగా, ఆ సంపుటములను కుంపిణీవారు ఆయన భార్యయొద్ద లక్షరూపాయలకు కొనిరి. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన సి. పి. బ్రౌను పిమ్మట స్థానికచరిత్రలకు నకళ్ళు వ్రాయించి కాపాడెను. చెదలుపట్టిన మూలములకు ఆ నకళ్ళే దిక్కైనవి. కడపలో బ్రౌను పేర వెలసిన గ్రంథాలయ పరిశోధనాకేంద్రము ఈ జిల్లా కైఫియత్తులను అచ్చువేసినది. ఒకని అటుకమీది వ్రాత నకలైనంతనే దాని యాయుష్షు పెరుగునని దీనివలన తెలియును.

1858 మొదలు ఇనాం కమిషను మాన్యములను విచారించినప్పుడు వ్రాత విలువ ఇంటింటికి తెలిసివచ్చెను. పూజారి, వైద్యుడు, చెఱువుకావలివాడు, ఫకీరు, విధవరాలు, ఎవరు దేనిని ఏ హక్కుపై అనుభవించుచున్నారో పాతలెక్కలతో సరిచూచి రిజిష్టరులో ఎక్కించిరి. ఆ ఇనాం ఫెయిర్ రిజిష్టరు నేటికిని న్యాయస్థానములలో సాక్ష్యముగా నిలుచుచున్నది. నూటయేబది యేండ్ల క్రిందట ఒక గుమాస్తా వేసిన ఒక్క పంక్తిచేత నేటి కుటుంబము భూమి నిలుపుకొనుటయు, పోగొట్టుకొనుటయు కలదు. కాగితములకై కొట్లాట యేల యనువారు ఆ కుటుంబముల నడిగి తెలిసికొనవలెను.

ఇక పట్టణముల మాట. 1882లో రిప్పన్ ప్రభువు స్థానికస్వపరిపాలన తీర్మానము వెలువరించెను. 1884లో చెన్నరాజధానిలో మునిసిపాలిటీలకు నొకటి, లోకలుబోర్డులకు నొకటి చట్టములు వచ్చినవి. ప్రత్తికి, బంగారమునకు పేరొందిన ప్రొద్దుటూరు 1915లో పురపాలకసంఘ మైనది. 1920 నాటి చట్టములో మేము ముఖ్యముగా నెన్నునది, పన్నులను గుఱించిన భాగము కాదు; సభలో జరిగినది పుస్తకమున వ్రాయవలెను, అధ్యక్షత వహించినవాడు సంతకము చేయవలెను, పన్ను చెల్లించువారికి దానిని చూపవలెను అను చిన్న నియమము. కలమళ్ళ శిలకు పిమ్మట వ్రాత మరల గుడిముంగిటికి వచ్చినది ఇప్పుడే.

వచ్చినది చట్టములో, ఆచరణలో అంత సుళువుగా రాలేదు. 1933లో ఆ చట్టమును సవరించి, మునిసిపాలిటీలకు ప్రభుత్వమే కమీషనర్లను నియమించుటకు వీలు కల్పించిరి. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టమును ఇదే త్రోవను నడచెను. కార్యనిర్వహణము కమీషనరుది, ఎన్నికైన అధ్యక్షునకు రికార్డులన్నిటిని చూచు సంపూర్ణాధికారము గలదు. బీగము చేతులు వేఱైనవి, చూచు కన్నులు వేఱైనవి. ఇద్దఱును నొక్కమాటమీద నున్నప్పుడు సామాన్య సభ్యునకు పుస్తకము కనబడదు. ఇద్దఱికి పడనప్పుడు పుస్తకమే రణరంగ మగును.

ఈ రణము చిన్నపట్టణములలో ఎట్లు జరుగునో చెప్పుట కష్టము కాదు. సభకు ముందు పంచిన అజెండాలో లేని అంశమును చివరిక్షణమున బల్లమీద పెట్టుదురు. కేకల నడుమ “ఆమోదించితిమి” అని యొకరు, “లేదు” అని యొకరు. మినిట్సు అప్పుడే వ్రాయరు. రెండుమూడు దినములైన పిమ్మట, కొన్నిచోట్ల రెండుమూడు వారములైన పిమ్మట, తీరికగా వ్రాయుదురు. నడుమ ఖాళీగా విడిచిన పుట యుండును. అసమ్మతి తెలిపినవాని పేరు మఱచిపోవుదురు, లేదా అతడు సభకే రాలేదని వ్రాయుదురు. అతడు నకలు కోరినచో గుమాస్తా సెలవులో నుండును. పుస్తకము అధ్యక్షునియింట సంతకమునకై యున్నదని యొకనాడును, ఆడిటువారు తీసికొనిపోయిరని మఱునాడును సమాధానము. కోపము పట్టలేక యొకడు పుస్తకమును లాగుకొనును. అప్పుడు పత్రికలలో వార్త పడును, జనులు నవ్వుదురు. లాగుకొనుట తప్పే. అయితే పదిమాసములు నకలీయక తిప్పినది వార్తలోని కెక్కదు. కరణము కడితమునందు తడిగుడ్డ చేసిన పని ఇచ్చట ఖాళీపుట చేయుచున్నది.

అధ్యక్షుడు, సభ్యులు, గుమాస్తాలు అందఱును దుర్మార్గులని మా యభిప్రాయము కాదు. చాలమందికి దుర్బుద్ధి యుండదు. తాను భద్రపఱచునది తనదే యను భావము వంశపారంపర్యముగా నిలిచిపోయినది. ‘మా ఆఫీసు రికార్డు మీకెందుకు?’ అని గుమాస్తా యడుగునప్పుడు అతడు నిజముగనే ఆశ్చర్యపడుచున్నాడు.

ఇది స్త్రీలకును పిల్లలకును సంబంధింపని విషయమని యనుకొనరాదు. 1899లో చెన్నరాజధానిలో జననమరణముల రిజిష్టరునకు చట్టము వచ్చెను. పట్టణములలో మునిసిపాలిటీయు, గ్రామములలో గ్రామాధికారియు ఆ పుస్తకము లుంచిరి. 1929లో శారదాచట్టమై, బాలికకు పదునాలుగేండ్లు నిండనిది వివాహము కూడదని నిర్ణయించినప్పుడు, అది 1930 ఏప్రిలున అమలులోనికి వచ్చులోపల ఎన్ని పెండ్లిండ్లు తొందరపడి జరిగెనో పెద్దలు చెప్పుకొనెడివారు. అమలైన పిమ్మట ఆ బాలికకు రక్షణ మేది? ఆమె పుట్టినదినము వ్రాసిన ఆ యొక్క పంక్తి. అది వ్రాయనేలేదన్నను, వ్రాసినది దిద్దిరన్నను, చట్ట మెంత గొప్పదైనను ఆమె పదేండ్లప్పుడే పెండ్లికూతు రగును. సంస్కర్తలు సభలలో ఉపన్యసించిన మాటలకు బలము గ్రామమునసబు పుస్తకమునుండి రావలసియుండెను. జనన నమోదు దేశమంతట నిర్బంధము చేసిన చట్టము వచ్చినది 1969లో.

ఈ పంక్తి విలువ ఇటీవలను తగ్గలేదు. గండికోట జలాశయములో మునిగిన తాళ్ళప్రొద్దుటూరువారు 2020లో ఇండ్లు విడిచిపోవలసివచ్చెను. పదునెనిమిదేండ్లు నిండినవానిని వేఱు కుటుంబముగా నెంచుట పునరావాస నియమములలోనిది. అట్టివేళ పుట్టినదినమునకును ఇంటిపన్ను రశీదునకును ఒక ఇల్లు కట్టుకొనునంత విలువ గలదు.

పాత యేర్పాటు ఒక్కసారిగా కూలినది 1984లో. ఆ యేటి జనవరిలో ఎన్. టి. రామారావు ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా కరణము, మునసబు మొదలగు గ్రామోద్యోగములను రద్దుచేసెను. మఱుసటి యేడు సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. తరతరముల అడంగళ్ళును, చిట్టాలును ఇండ్లనుండి కచ్చేరీలకు చేరవలసివచ్చెను. వంశహక్కు పోయినందుకు మేము సంతసించుచున్నాము. అయితే ఊరి ప్రతి గట్టు నెఱిగిన మనుష్యుడును ఆ పుస్తకముతోడనే పోయెను. చేరిన కట్టలను విప్పి చదువగలవా రెందఱుండిరో ఊహించుకొనవచ్చును. ఇట్టి మార్పే పట్టణముల విషయమునను కలదు. పులివెందుల 2005లో మునిసిపాలిటీ యైనది. పంచాయతీ పురపాలకసంఘముగా మాఱునప్పుడు ఇంటిపన్ను రిజిష్టర్లు, లేఔటు పటములు, జననమరణ పుస్తకములు ఒక బీరువానుండి మఱొక బీరువాకు పోవలెను. ఏమేమి అప్పగించిరో పట్టిక వ్రాసికొని ఇరువురు సంతకములు చేసిన చోట పిమ్మట తగవు లుండవు. చేయనిచోట, పోయిన ప్రతి కాగితమును పాతవారికాలముననే పోయిన దగును.

అదే 2005 సంవత్సరము అక్టోబరు 12వ తేది నుండి సమాచారహక్కు చట్టము అమలునకు వచ్చెను. పది రూపాయలకు మించని రుసుముతో ఎవరైనను దరఖాస్తు వ్రాయవచ్చును. ముప్పది దినములలో సమాధాన మీయవలెను. మా చదువరులలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో నుండువా రెందఱో గలరు. వ్రాయదలచినవారు “తీర్మానముల వివరములు” అని వ్రాయక, ఫలానా తేది సభయొక్క మినిట్సు పుస్తకమున ఫలానా పుటనుండి ఫలానా పుటవఱకు, హాజరుపట్టీతోడను సంతకములతోడను, ధ్రువీకరించిన నకలని వ్రాయవలెను. పుటసంఖ్య తెలియనిచో ముందుగా పుస్తకమును చూడగోరవలెను. చూచుటకును చట్టమున హక్కు గలదు. పోవునప్పుడు తోడుగ నింకొకరిని తీసికొనిపోవుట మంచిది, ఖాళీపుట లున్నచో లెక్కించి వ్రాసికొనుటకు.