ధర్మపురి ఎర్రనేల

తమిళనాడులోని ధర్మపురి పాత బారామహల్‌లో భాగం. 1792లో టిప్పు సుల్తాన్ నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చిన ఈ సీమలోనే కంపెనీ అధికారులు అలెగ్జాండర్ రీడ్, థామస్ మన్రో పొలాలు కొలిపించి, రైతు నుంచే నేరుగా శిస్తు తీసుకునే రైత్వారీకి పునాది వేశారు. మన్రో 1800లో అదే పద్ధతితో రాయలసీమకు వచ్చాడు. 1876-78 ధాత కరువు రెండు సీమలనూ కుదిపేసింది.

ధర్మపురిలో కరువుకు తోడు నేల సమస్యా ఉంది. ఇక్కడి ఎర్రనేల చాలాచోట్ల పలుచన. కొండవాలుపై చెట్టూచేమా పోతే వాననీరు ఇంకదు, పైమట్టిని కోసుకుపోతుంది. ఆ మట్టే చెరువులో మేట వేస్తుంది. చెరువు నిండకపోతే దిగువ బావులు అడుగంటుతాయి. రైతుకు రెండు వైపులా నష్టమే.

1970లలో మొదలైన కరువు పీడిత ప్రాంతాల పథకం ధర్మపురికీ వచ్చింది. అయితే పనులు తలోచోట చెదిరిపోయేవి. 1994లో సి.హెచ్. హనుమంతరావు కమిటీ వాగు పరీవాహకాన్నే యూనిట్‌గా తీసుకుని, పనిని ఊరివాళ్లకే అప్పగించమంది. అసలు మలుపు ఇదే. వాలుకు అడ్డంగా గట్లు, వాగుల్లో రాతికట్టలు, పొలాల్లో కుంటలు వేస్తే నీరు నెమ్మదించి మట్టి నిలుస్తుంది. పూడిక తీసిన ఒండ్రు తిరిగి చేలకు సత్తువ.

ధర్మపురి జిల్లాలోని సిట్టిలింగి లోయలో గిరిజన రైతులు 2000ల నుంచి సంఘంగా సేంద్రియ సాగు చేస్తున్నారు. రాగి, సామ, కొర్ర వంటి తక్కువ తడితో పండే పైర్లకు అక్కడ మళ్లీ గిరాకీ వచ్చింది.