బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు: ఒక పాత భయం చరిత్ర

మీ ఇంటి చిన్నారి పెంపుడు కుక్క గొలుసు చేతపట్టి వీధిలో నడిపించడం నేర్చుకుంటున్నదా? అయితే గొలుసు పట్టే తీరుతోపాటు మరొక మాట కూడా తప్పక చెప్పండి. ఏ కుక్క పన్నైనా, గోరైనా గీరుకుంటే వెంటనే ఇంట్లో చెప్పాలి. చెప్పినందుకు ఎవరూ కోప్పడరు. ఈ మాట ప్రత్యేకించి చెప్పవలసి రావడం వెనుక నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది.

1885 జులై 4న అల్సాస్ ప్రాంతంలో జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ బాలుణ్ణి పిచ్చికుక్క పలుచోట్ల కరిచింది. తల్లి జాప్యం చేయక, జులై 6 నాటికి అతణ్ణి పారిస్‌లోని లూయీ పాశ్చర్ వద్దకు చేర్చింది. పాశ్చర్ రసాయన శాస్త్రజ్ఞుడే గాని వైద్యుడు కాడు. కనుక టీకా వేసే బాధ్యతను డాక్టర్ గ్రాంషే స్వీకరించారు. రేబిస్ సోకిన కుందేలు వెన్నుపామును ఆరబెట్టి, బలహీనపరచి తయారుచేసిన మందును పలు మోతాదులుగా ఎక్కించారు. బాలుడు బ్రతికాడు. పెద్దవాడై పాశ్చర్ సంస్థలోనే కాపలాదారుగా పనిచేశాడు.

ఆ తల్లి తొందర ఎంత విలువైనదో గమనించండి. రేబిస్ వైరస్ గాయం నుండి నరాల వెంబడి మెల్లగా మెదడు వైపు ప్రయాణిస్తుంది. అది మెదడును చేరేలోగా టీకా వలన రక్షణ ఏర్పడాలి. జలభీతి వంటి లక్షణాలు పొడసూపిన తరువాత ప్రాణం దక్కడం దాదాపు అసంభవం.

మన దేశంలో ఈ చికిత్సకు 1900లో హిమాలయ సానువుల్లోని కసౌలీలో పాశ్చర్ సంస్థ వెలసింది. దక్షిణాదివారికి అది ఎంతో దూరం. 1907లో నీలగిరులలోని కూనూరులో మరొక సంస్థ ఏర్పడిన పిదప, నాటి మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలకు ఆ దూరం కొంత తగ్గింది. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ మెదడు కణజాలంలోని వైరస్‌ను కార్బాలిక్ ఆమ్లంతో నిర్జీవం చేసి కొత్త టీకా రూపొందించారు. చౌకగా, దేశంలోనే తయారయ్యే ఆ టీకా అసంఖ్యాకులను కాపాడింది.

అయితే దాని మోతాదు పెద్దది. అందుచేత చర్మం వదులుగా ఉండే పొట్టమీద, రోజుకొకటి చొప్పున పధ్నాలుగు వరకు ఇంజక్షన్లు పొడిచేవారు. నొప్పి తీవ్రం. అందులోని మెదడు కణజాలం వలన కొందరికి పక్షవాతం కూడా సంభవించేది. దాదాపు శతాబ్దం పాటు వాడుకలో ఉన్న ఆ టీకాను 2004 చివరికి మన దేశంలో నిలిపివేశారు.

టీకా పోయింది గాని భయం పోలేదు. “కుక్క జోలికి వెళితే బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు” అని పెద్దలు నేటికీ బెదిరిస్తుంటారు. బిడ్డ క్షేమం కోరి అన్న ఆ మాటే బిడ్డ గాయాన్ని దాచుకోవడానికి కారణం కావచ్చు. దయచేసి ఆ బెదిరింపు మానండి.

నేటి టీకా కణవర్ధనం ద్వారా తయారవుతుంది. నాలుగైదు మోతాదులతో, సాధారణంగా చేతికే వేస్తారు. కాటు పడగానే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసుపు అద్దవద్దు. అదే రోజు వైద్యునికి చూపండి. రక్తం వచ్చిన గాయానికి టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరమవుతుంది.

ఇక నడక పాఠం. గొలుసును పిల్లలు చేతికి చుట్టుకోరాదు. రెండవ పట్టు పెద్దవారి చేతిలో ఉండాలి. తింటున్న, నిద్రిస్తున్న, పిల్లలకు పాలిస్తున్న కుక్కను తాకరాదు. వీధికుక్కలు ఎదురైతే పరుగెత్తరాదు. మీ కుక్కకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా, ఆపై పశువైద్యుడు చెప్పిన గడువులో మరల టీకా వేయించండి. మొదట చెప్పిన మాటను మాత్రం గొలుసు చేతికిచ్చిన ప్రతిసారీ బిడ్డకు గుర్తుచేయండి.