పళ్ళెం ముందు నూట యాభై ఏళ్ళు

దమ్మాంలో మాకు అనుమానం రావలసింది రంజాన్ నెలలోనే. స్కూల్లో స్నేహితురాళ్ళతో పాటు తనూ ఉపవాసం ఉంటున్నానని పద్నాలుగేళ్ళ మా అమ్మాయి చెబితే, ఎంత కలుపుగోలు పిల్లో అని మురిసిపోయాం. పండగ వెళ్ళిపోయింది, ఉపవాసం వెళ్ళలేదు. అంతకుముందు తెలుగువాళ్ళం కలిసిన ప్రతిచోటా "కాస్త ఒళ్ళు చేశావేమే" అన్న పలకరింపులకు అందరితో పాటు నేనూ నవ్వాను. పిల్లకి దిష్టి తగిలిందనీ, ఉప్పు తిప్పి పొయ్యమనీ అమ్మమ్మ ఫోన్లో చెప్పింది. నేనైతే మొండితనం అనుకున్నాను.

డాక్టరు జబ్బు పేరు చెప్పాక, బగ్ కనబడితే పాత కోడంతా తవ్వే అలవాటు కొద్దీ చదవడం మొదలుపెట్టాను.

1873లో లండన్‌లో విలియం గల్, పారిస్‌లో లసేగ్ ఎవరికి వారే ఈ జబ్బును వర్ణించారు. 'అనొరెక్సియా నెర్వోసా' అన్న పేరు గల్ పెట్టిందే. 1874లో అచ్చయిన ఆయన వ్యాసంలో రోగుల బొమ్మలు జంటలుగా ఉంటాయి: చిక్కిపోయినప్పుడొకటి, కోలుకున్నాక ఒకటి. ఆ రెండో బొమ్మ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. వేళకింత తినిపించమన్నాడాయన. కానీ ఆ పనికి అయినవాళ్ళంత పనికిరానివాళ్ళు లేరన్నాడు. ఆ మాట గుచ్చుకుంది.

నా 'మొండితనం' సిద్ధాంతాన్ని కూల్చింది మిన్నెసోటా. 1944-45లో అక్కడ ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను, వాళ్ళ ఇష్టంతోనే, ఆర్నెల్లు అర్ధాకలితో ఉంచాడు. వాళ్ళు వంటల పుస్తకాలు పోగేశారు, నలుగురిలోకి రావడం మానేశారు, చిన్నదానికీ చిరాకుపడ్డారు. అచ్చం మా అమ్మాయే! తను తినకుండా యూట్యూబ్‌లో వంటలు చూస్తూ కూర్చునేది. బుద్ధిని ఆకలే మార్చేస్తుందన్నమాట.

తిండి పెట్టేస్తే సరిపోతుందా? హిల్డె బ్రూక్ అనే డాక్టరమ్మ 1962లోనే చెప్పింది, వీళ్ళకి తమ ఒంటి రూపమే తప్పుగా తోస్తుందని. ఆ చూపు మారనంతవరకు పెరిగిన బరువు నిలవదని ఆమె వాదన.

గల్ బయటికి పంపిన తల్లిదండ్రులను మళ్ళీ పళ్ళెం దగ్గర కూర్చోబెట్టింది లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రి. అక్కడ 80 మంది రోగుల మీద చేసిన పరిశీలన 1987లో వెలువడింది. చిన్న వయసులో మొదలై, మూడేళ్ళు దాటని జబ్బుకు కుటుంబంతో కలిపి చేసే వైద్యం ఎక్కువ పనిచేసిందని తేలింది.

అప్పటినుంచీ మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఇంటికొచ్చి తన ఎదురుగా కూర్చుంటున్నాను. మొదట్లో ఒక్క చపాతీకి గంటన్నర పట్టేది. కన్నీళ్ళు, అరుపులు, నా అరుపులు కూడా. ఏడాదికి బరువు పుంజుకుంది. బీరువా అద్దం మీద తను కప్పిన చున్నీ మాత్రం ఇంకా అలాగే ఉంది. మేం తియ్యలేదు.